ఆటలు అహ్మదాబాద్‌లో, మేం సూరత్‌లో: దూరపు ఊళ్లలో కళల కార్యక్రమం నడిపేవాళ్లు ముందుగా ఏం చూసుకోవాలి?

తాపీతీరం (సూరత్)

అందరికీ నమస్కారం. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కే అని 2025 నవంబరులో గ్లాస్గోలో తేలినప్పటి నుంచి మా దగ్గర ఇదే మాట. మా నాన్నగారు సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికొచ్చి సూరత్‌లో స్థిరపడ్డారు. లింబాయత్ వైపు మన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. నేను పదిహేనేళ్లుగా ఇక్కడి పిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను.

గుజరాతీ, మరాఠీ, ఒడియా, తెలుగు బృందాలు ఆరు కలిసి ఒక ప్రతిపాదన రాసిపెడదామని కూర్చున్నాం. నడిపించే బాధ్యత అందరూ నా మీదే పెట్టారు. నాటకం నడపడం నాకు తెలుసు. ఒక ప్రాంతమంతటికీ రెండు మూడేళ్ల కార్యక్రమం నడపడం తెలియదు. పైగా స్టేడియం మాకు రెండొందల అరవై కిలోమీటర్ల అవతల ఉంది. అంత దూరంలో ఉన్న ఊరికి ఆటల పేరు మీద కళల కార్యక్రమం ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. బయట దేశాల్లో ఇలాంటి పని దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏం అడగాలి, దేనికి ఒప్పుకోకూడదు?

ఓరుగల్లు మువ్వ (హనుమకొండ)

తమ్ముడూ, పేరిణి నేర్పించే మనిషిని కాబట్టి ముందు నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక పెద్ద క్రీడోత్సవం ప్రారంభ వేడుకకి మా పిల్లలు నలభై మందిని పిలిచారు. పన్నెండు నిమిషాల అంశం అన్నారు. మూడు నెలలు సాధన చేయించాను. రిహార్సల్స్ మొదలయ్యాక పన్నెండు నిమిషాలు ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి. చివరి రోజు ఒక కుర్రాడు చేతిలో వాకీటాకీతో వచ్చి “తొంభై సెకన్లు, నడుస్తూ చేసుకుంటూ వెళ్లిపోవాలి” అన్నాడు.

పిల్లలు మధ్యాహ్నం రెండు గంటల నుంచి గజ్జెలు కట్టుకుని స్టేడియం వెనక పార్కింగులో ఎండలో కూర్చున్నారు. కాళ్ల చుట్టూ గుడ్డ చెమటకి తడిసి గజ్జెల తోలు రంగు దానికి అంటుకుంది. విప్పితే మళ్లీ కట్టే టైం ఉంటుందో ఉండదో అని ఎవరూ విప్పలేదు. రాత్రి తొమ్మిదికి లోపలికి పంపారు. పేరిణి అడుగు నడుస్తూ వేసేది కాదు, ఒకచోట నిలబడి నేలని కొట్టాలి. పిల్లలకి ఆ సంగతి తెలుసు. అయినా నడిచారు. బస్సులో ఒక పాప “మాస్టారూ, మనం ఏం చేశామో ఎవరికైనా కనిపించిందా?” అని అడిగింది. ఇప్పటికీ ఆ ప్రశ్న నా చెవిలో ఉంది.

అందుకే చెప్తున్నా, ప్రారంభ వేడుకలో చోటు కోసం మీ ఆరు బృందాల శక్తి ఖర్చుపెట్టకండి.

మధ్యసీమ (లెస్టర్)

మువ్వ మాస్టారూ, మీ పోస్టు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తాపీతీరం గారూ, నేను లండన్ 2012 ఒలింపిక్స్ సమయంలో ఇక్కడ ఈస్ట్ మిడ్‌లాండ్స్‌లో ప్రాంతీయ సాంస్కృతిక బృందంలో కో-ఆర్డినేటర్‌గా రెండేళ్లు పనిచేశాను. నేను చూసింది మీ ప్రశ్నకి నేరుగా తగులుతుంది. ఒలింపిక్స్ లండన్‌లో. మేం అక్కడికి రైలులో గంటకు పైగా దూరం. స్కాట్లండ్ వాళ్లు ఇంకెంత దూరమో మీకు తెలుసు.

ఆటలతో పాటు కళల కార్యక్రమం (కల్చరల్ ఒలింపియాడ్) నడిపినవాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే దేశాన్ని 12 ముక్కలుగా చూశారు: ఇంగ్లండ్‌లో 9 ప్రాంతాలు, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్. ప్రతి ప్రాంతానికీ క్రియేటివ్ ప్రోగ్రామర్ అని ఒక మనిషిని పెట్టారు. కార్యక్రమం 2008 సెప్టెంబరులోనే మొదలైంది, అంటే ఆటలకి నాలుగేళ్ల ముందు. రూత్ మెకెంజీ 2010లో మొత్తానికి డైరెక్టరుగా వచ్చి, అన్నిటినీ 2012 జూన్ 21 నుంచి సెప్టెంబరు 9 వరకు ఒక పెద్ద ఉత్సవంగా కట్టారు. కానీ అసలు పని అప్పటికే ఊళ్లలో నడుస్తోంది.

అందులో నాకు ఇష్టమైంది ఆర్ట్స్ కౌన్సిళ్ల (కళలకి ప్రభుత్వ డబ్బు ఇచ్చే సంస్థల) పథకం ఒకటి. ప్రాంతానికి ఒక కళాకృతి, ఒక్కోదానికి 5 లక్షల పౌండ్ల దాకా. ఎంపిక 2009లోనే అయిపోయింది. మా ప్రాంతానికి షానా రిచర్డ్‌సన్ అనే కళాకారిణి వచ్చారు. ఆమె చేసింది మూడు సింహాలు, మొత్తం క్రోషే అల్లిక. ఒక్కోటీ పాతిక అడుగుల పొడవు. అద్దాల గోడల ట్రక్కులో పెట్టి ఊరూరా తిప్పారు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూశాను. పంజా దగ్గర ఊలు దిశ మారుతుంది, కండరం బిగిసినట్టు. అంతా ఒక్క మనిషి చేతి అల్లిక. నా పక్కన ఒక గుజరాతీ బామ్మగారు, మేం ఉండే వీధిలోనే ఉంటారు, “ఇది నా కుట్టే!” అన్నారు. మర్నాడు సూదీ ఊలూ తీసుకొచ్చి నాకు ఆ కుట్టు వేసి చూపించారు. ఒలింపిక్స్‌లో ఒక్క పోటీ కూడా ఆవిడ చూడలేదు. కానీ ఆ ఏడాది తనకీ అందులో భాగం ఉందని ఆవిడకి గట్టిగా అనిపించింది.

“అంత దూరంలో ఎందుకు?” అన్నదానికి నా జవాబు ఆ బామ్మగారే. ప్రాంతీయ డైరెక్టర్ పని స్టేడియంకి జనాన్ని, కళాకారుల్ని సరఫరా చేయడం కాదు. స్టేడియంకి దూరంగా ఉన్న ఊరు తనకి తెలిసిన పనితో తానే ఒకటి చేసుకునేలా టైమూ డబ్బూ ముందుగా తెచ్చిపెట్టడం.

వేగుచుక్క (విజయవాడ)

నేను స్పోర్ట్స్ రిపోర్టర్‌ని. ఒక చిన్న చరిత్ర: 1912 స్టాక్‌హోమ్ నుంచి 1948 లండన్ దాకా ఒలింపిక్స్‌లో కళలకి కూడా పతకాలు ఇచ్చారు. వాస్తు, సాహిత్యం, సంగీతం, చిత్రకళ, శిల్పం. 1912లో సాహిత్య స్వర్ణం గెలిచింది ఆధునిక ఒలింపిక్స్ పితామహుడు కూబర్టేనే, మారుపేర్లతో కవిత పంపించి. తర్వాత పోటీలు ఆపేసి ఉత్సవాలు పెట్టారు. నాలుగేళ్ల సాంస్కృతిక కార్యక్రమం అనే పద్ధతి 1992 బార్సిలోనాతో వచ్చింది.

కానీ క్రీడాభిమానిగా నాకొక ఇబ్బంది ఉంది. ఆటకీ ఈ కళకీ సంబంధం ఉండాలి కదండీ? క్రోషే సింహం అద్భుతమే కావచ్చు. పరుగు పందేనికీ దానికీ ఏమిటి సంబంధం? ఆటల పేరుతో వచ్చిన డబ్బు ఆటతో సంబంధం లేనిదానికి వెళ్తే, ఊళ్లో మైదానం లేని పిల్లాడికి నేనేం చెప్పాలి?

మధ్యసీమ (లెస్టర్)

న్యాయమైన ప్రశ్న. మూడు సింహాలు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చొక్కా మీద ఉన్నవే, ఆ సంబంధం జనానికి చెప్పకుండానే అర్థమైంది. అయినా మీకు ఇంకా మంచి ఉదాహరణ స్కాట్లండ్‌లో ఉంది. క్రెయిగ్ కూల్టార్డ్ అనే కళాకారుడు బోర్డర్స్ ప్రాంతంలో ఒక అడవి మధ్యలో చెట్లు తీయించి ఫుట్‌బాల్ మైదానం చేశాడు. తీసిన చెట్ల కలపనే గోల్ స్తంభాలకీ దుస్తులు మార్చుకునే గదులకీ వాడారు. 2012 జూలైలో అక్కడ మ్యాచ్‌లు ఆడారు, మామూలు జనం. అందులో వేరే దేశాల నుంచి వచ్చి కొత్తగా పౌరసత్వం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క రోజు ఆట అయ్యాక మైదానం గీతలు ఎక్కడున్నాయో అక్కడ మొక్కలు నాటారు. అవి పెరిగితే గీతలు చెట్ల వరసలుగా కనిపిస్తాయి. దాన్ని చూసినవాళ్లెవరూ ఆటకీ కళకీ సంబంధమేమిటని అడగలేదు.

కానీ ప్రతిదానికీ బంతి అంటించాలని పట్టుబడితే చెడిపోతుంది. మా దగ్గరికొచ్చిన దరఖాస్తుల్లో అలాంటివి గుట్టలు గుట్టలు. నృత్యం చివర ఒక పరుగు, బొమ్మలో ఒక కాగడా. అడుగుతారేమోనని కళాకారులు ముందే అతికించేవారు. అవి తీసేయమని చెప్పడం నా పనిలో పెద్ద భాగం.

లెక్కల మాస్టారు (కాకినాడ)

నేను ప్రభుత్వ ఆడిట్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కళల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, బిల్లుల గురించి ఉంది. 5 లక్షల పౌండ్లు ఒక కళాకృతికి ఇస్తే పేపర్లు ఊరుకున్నాయా? ఒకటైనా మునగలేదా? మునిగితే ఎవరు జవాబు చెప్పారు? తాపీతీరం బాబుకి కావాల్సింది ఇది. మెరిసినవి ఎవరైనా చెప్తారు.

మధ్యసీమ (లెస్టర్)

మాస్టారూ, మునిగాయి. లివర్‌పూల్ పక్కన మెర్సీ నది ఒడ్డున ఆంథొనీ మెకాల్ ఒక ఆవిరి స్తంభం లేపాలనుకున్నారు. నీటి మీద నుంచి సన్నగా తిరుగుతూ ఆకాశంలోకి లేచే మేఘంలాంటిది. ఊహ ఎంత అందమైందో! సాంకేతిక చిక్కులు తీరలేదు. 2012 దాటిపోయింది, 2013లో వదిలేశారు. ఖర్చయిన ప్రజాధనం గురించి జనం అడిగారు. అడగాల్సిందే.

నైరుతి ప్రాంతంలో అలెక్స్ హార్ట్‌లీ ఆర్కిటిక్ నుంచి తెచ్చిన రాళ్లతో ఒక తేలే ద్వీపం చేసి, వేమత్ నుంచి బ్రిస్టల్ దాకా తీరం వెంట లాగించుకొచ్చారు. దానికీ “రాళ్లకి 5 లక్షలా?” అని తిట్లు పడ్డాయి. కానీ అది ఆగిన రేవుల్లో జనం వచ్చి ఒక కొత్త దేశానికి రాజ్యాంగం ఎలా ఉండాలని చర్చించారు, 23 వేల మందికి పైగా పౌరులుగా పేరు రాయించుకున్నారు. నేను దాన్ని గెలుపు కిందే లెక్కేస్తాను. నాతో పనిచేసినవాళ్లలో సగం మంది ఒప్పుకోరు.

ఈ రెండిటికీ తేడా ఏమిటో అప్పట్లో చాలా ఆలోచించాను. స్తంభం లేవకపోతే దాని చుట్టూ ఇంకేమీ మిగలదు. ద్వీపం మునిగిపోయినా రేవుల్లో జరిగిన మాటలు మిగిలేవి. అదే పథకం కింద ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఒక పడవ కట్టినవాళ్లు ఇంకా జాగ్రత్తగా చేశారు. చెక్కతో చేసిన ఏ వస్తువైనా తెచ్చివ్వండి, దాని కథ చెప్పండి అని జనాన్ని అడిగారు. 1,200కు పైగా వచ్చాయి. జిమీ హెండ్రిక్స్ గిటారు ముక్క దగ్గర్నుంచి, ట్యూడర్ల కాలంనాటి మేరీ రోజ్ ఓడ చెక్క పేళ్ల దాకా. మామూలు ఇళ్లలోని మామూలు చెక్కలూ వాటి పక్కనే పడవ ఒంటికి అతుక్కున్నాయి. ఆ పడవ నీళ్లలోకి దిగకముందే సగం పని నెరవేరింది.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. 2010లో ఇక్కడ ప్రభుత్వం మారింది. ఆ అక్టోబరులో ఇంగ్లండ్ ఆర్ట్స్ కౌన్సిల్ గ్రాంటులో దాదాపు 30 శాతం కోత. ప్రాంతీయ అభివృద్ధి సంస్థల్ని మొత్తానికే మూసేస్తున్నామన్నారు. మా ప్రాజెక్టుల్లో కొన్నిటికి సగం డబ్బు వాళ్ల దగ్గర్నుంచి రావాలి! అప్పటికే సంతకాలైనవి నిలబడ్డాయి. “తప్పకుండా ఇస్తాం” అన్న మాట మీద ఉన్నవి పోయాయి. మధ్యలో ఎన్నికలు వస్తాయి, మనుషులు మారతారు. మాట కాదు, కాగితం కావాలి.

లెక్కల మాస్టారు (కాకినాడ)

ఇదీ కావాల్సిన సంగతి. దీనికి మన దేశపు లెక్క నేను కలుపుతాను. కళాబృందానికి డబ్బు బృంద నాయకుడి ఖాతాలో వేసి చేతులు దులుపుకోవద్దు. డప్పు కొట్టే పదిమందిలో నలుగురికి బ్యాంకు ఖాతా పనిచేయదు, ఇద్దరికి పాన్ ఆధార్‌తో కలవలేదు, టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) ఎక్కువ రేటు పడుతుంది. కార్యక్రమం అయిన వారానికి మొదలుపెడితే ఏడాదికీ తేలదు. మొదటి నెలలోనే ఒక మనిషిని ఈ పని మీదే పెట్టండి. సాధన రోజులకి కూలీ వేరే పద్దు. ప్రయాణం, తిండి, బస వేరే పద్దు. గౌరవ వేతనం అనే ఒక్క ముద్దలో అన్నీ కలిపితే, కోత పడ్డప్పుడు మొదట పోయేది సాధన రోజుల కూలీ. నేను చూసిన ఫైళ్లలో ప్రతిసారీ అదే జరిగింది.

ఓరుగల్లు మువ్వ (హనుమకొండ)

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మా పిల్లల మూడు నెలల సాధనకి ఆనాడు ఎవరూ రూపాయి లెక్క రాయలేదు.

నల్లసీమ (డడ్లీ)

బర్మింగ్‌హామ్ పక్కన ఉంటాను. 2022 కామన్వెల్త్ క్రీడలు మా గుమ్మం ముందు జరిగాయి కాబట్టి రెండు మాటలు.

మా దగ్గర కూడా ఆటలతో పాటు ఆ ఏడాది మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆర్నెల్ల ఉత్సవం పెట్టారు. నాకు గుర్తుండిపోయింది విక్టోరియా స్క్వేర్‌లో హ్యూ లాక్ చేసిన పని. అక్కడున్న విక్టోరియా రాణి విగ్రహం చుట్టూ ఒక పడవ కట్టి, అందులో ఆవిడవే చిన్న విగ్రహాలు ఐదు నిలబెట్టాడు, సరుకు ఓడలో ఎగుమతి అవుతున్నట్టు. సామ్రాజ్యం నుంచి పుట్టిన క్రీడలవి. వాటి పక్కనే సామ్రాజ్యం గురించి అడిగే ధైర్యం ఉత్సవానికి ఉంది. మా అబ్బాయి “నాన్నా, మన ఊరిక్కూడా ఇలా ఒకటి పంపారా?” అని అడిగాడు. ఆ చౌరస్తాలోనే నిలబడి తెల్లదొరల కాలంనాటి గుంటూరు కలెక్టరాఫీసు కథ చెప్పాను.

ఇంకొకటి అందరికీ తెలిసిందే, ఎద్దు. ప్రారంభ వేడుకలో పది మీటర్ల యంత్రపు ఎద్దుని ఆడవాళ్లు గొలుసులతో లాక్కొచ్చారు. మా పక్క ఊరు క్రాడ్లీ హీత్‌లో 1910లో గొలుసులు చేసే ఆడవాళ్లు కూలీ కోసం మేరీ మెకార్థర్ వెంట సమ్మె చేసి గెలిచారు, ఇది వాళ్ల కథ. స్టేడియంలో చూసిన లోకానికి అదొక యంత్రం. మాకు అది పక్క వీధి. వేడుక అయ్యాక విప్పేయాలనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. చివరికి 2023లో న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో నిలబెట్టారు, ఓజీ అని పేరు కూడా పెట్టారు. రోజూ ఆఫీసుకి వెళ్తూ చూస్తాను.

మువ్వ మాస్టారి బాధ నాకు అర్థమైంది. కానీ ప్రారంభ వేడుకని పూర్తిగా వదిలేయమంటే ఒప్పుకోలేను. ఊరి కథ పునాది నుంచే ఉంటే ఆ వేడుక కూడా ఊరిదవుతుంది. చివర్లో అలంకారంగా పిలిస్తే తొంభై సెకన్లే.

ఓరుగల్లు మువ్వ (హనుమకొండ)

ఒప్పుకుంటాను బాబూ. ఆ గొలుసుల ఆడవాళ్ల కథ రాసుకున్నప్పుడు గదిలో ఆ ఊరివాళ్లు కూర్చుని ఉంటారు. మా విషయంలో గదిలో మేం లేం. తేడా అక్కడుంది.

మధ్యసీమ (లెస్టర్)

నేను చేసిన తప్పొకటి చెప్తాను, తాపీతీరం గారికి పనికొస్తుంది. ఒక చిన్న పట్టణంలో బడిపిల్లలతో కాగితపు లాంతర్ల ఊరేగింపు అనుకున్నాం. కరపత్రాలు నేనే చూసి ఓకే చేశాను. అందులో “2012”, “గేమ్స్”, “లండన్” మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇక్కడ 2006లో ఒలింపిక్స్ కోసమే చేసిన చట్టం ఒకటుంది. స్పాన్సర్ల హక్కుల కోసం అలాంటి మాటల్ని కలిపి వాడటం మీద కట్టడి పెట్టింది. వ్యాపారం లేని కార్యక్రమాలకి ఇన్‌స్పైర్ మార్క్ అని వేరే గుర్తు ఇచ్చేవారు. అది మేం అప్పటికి తీసుకోలేదు. లాంతర్లకి కాగితం ఇచ్చింది ఊళ్లో ఒక చిన్న షాపు, వాళ్ల పేరు కింద వేశాం. నాలుగు అట్టపెట్టెల కరపత్రాలు పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ షాపాయనకి మీ పేరు వేయలేమని చెప్పడానికి నేనే వెళ్లాను. ఆయన కాగితం ఇవ్వడం మానలేదు. కానీ ఊరేగింపుకి రాలేదు.

రెండోది తేదీ. ఆటలు జూలై 27న మొదలు. ఇంగ్లండ్ బడులకి అప్పటికే సెలవులు. పిల్లలు లేకుండా పిల్లల ఊరేగింపు ఎక్కడ? ఆఖరికి కాగడా మా వైపు వచ్చే రోజులకి జరుపుకున్నాం. ఆ కాగడా 70 రోజులు దేశమంతా తిరిగింది, 8 వేల మంది చేతులు మారింది. జనం రోడ్డు పక్కన గంటలకొద్దీ ఎదురుచూస్తారు, కాగడా నిమిషంలో వెళ్లిపోతుంది. ఆ ఎదురుచూసే గంటలు మనవి. లాంతర్లు అక్కడే వెలిగాయి. స్టేడియం క్యాలెండర్ పక్కన పెట్టి ముందు మీ ఊరి క్యాలెండర్ గోడకి తగిలించండి: పరీక్షలు, నవరాత్రి, దీపావళి తర్వాత మిల్లుల సెలవులు, ఒడియా కుర్రాళ్లు ఇంటికెళ్లే రోజులు.

వేగుచుక్క (విజయవాడ)

నా ప్రశ్నకి జవాబు దొరికింది, అడవి మైదానం సంగతి మా ఎడిటర్‌కి కూడా చెప్పాను. ఒక్క అనుమానం: ఇదంతా అయ్యాక ఏమైనా మిగిలిందా, లేక ఆటలతో పాటే సర్దేశారా?

మధ్యసీమ (లెస్టర్)

పెద్ద అంకెలు ఉన్నాయి. నాలుగేళ్లలో 40 వేల మందికి పైగా కళాకారులు, జనం 4 కోట్లకు పైమాట, ఖర్చు 12 కోట్ల 66 లక్షల పౌండ్లు. కానీ నాకు నమ్మకం కలిగించింది అన్‌లిమిటెడ్ అనే విభాగం. వికలాంగ కళాకారులకి 29 కొత్త పనులు ఇచ్చారు. స్యూ ఆస్టిన్ చక్రాల కుర్చీలో కూర్చుని సముద్రం అడుగున ఈదుతూ తిరిగింది అందులోదే. జాలి చూపించే కథ కాదది, చేపల మధ్య ఎగిరే మనిషి. ఆటలైపోయినా అన్‌లిమిటెడ్ ఆగలేదు, ఇప్పటికీ పనిచేస్తోంది. మా ప్రాంతీయ ఆఫీసు మాత్రం 2012 చివర్లో ఖాళీ చేశాం. కుర్చీలు ఎవరికివ్వాలో రాసిన కాగితం ఉంది గానీ, బృందాల ఫోన్ నంబర్ల పుస్తకం ఎవరికివ్వాలో ఎవరూ రాయలేదు. అది ఇప్పటికీ నా అల్మారాలో ఉంది. మీరు మాత్రం ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో మొదటి ఒప్పందంలోనే రాయించండి.

తాపీతీరం (సూరత్)

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నిన్న రాత్రి ఆరు బృందాలవాళ్లకీ ఈ చర్చంతా హిందీలో చదివి వినిపించాను. మరాఠీ తమాషా (జానపద నాటకం) బృందం పెద్దాయన మువ్వ మాస్టారి పార్కింగు సంగతి విని లేచి బయటికి వెళ్లి, కాసేపాగి వచ్చారు. ఆయనకీ అలాంటిదే జరిగిందట.

ప్రతిపాదన మళ్లీ రాస్తున్నాం. మొదట రాసిన దాంట్లో మూడొందల మందితో స్టేడియంలో సామూహిక నృత్యం ఉండేది, తీసేశాం. దాని బదులు మగ్గం. లింబాయత్‌లో ప్రతి సందులో ఒక మరమగ్గం చప్పుడు ఉంటుంది. తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ మరాఠీవాళ్లూ అందరూ అదే చప్పుడులో పెరిగారు. ఆ చప్పుడు మీద తాళం కట్టి రెండేళ్లు సందు సందుకీ వెళ్లి పాటలు సేకరించి ఒక రాత్రి పూర్తి ప్రదర్శన, మిల్లు గేటు దగ్గరే. మల్లయుద్ధం, కబడ్డీ ఆడే మా కుర్రాళ్లు కూడా వస్తామన్నారు. వేగుచుక్క గారూ, వాళ్లకి బంతి అంటించలేదు, వాళ్లే వచ్చారు.

లెక్కల మాస్టారూ, సాధన కూలీకి వేరే పద్దుతో ఒక నమూనా పట్టిక మీ దగ్గర ఉంటే పంపిస్తారా? ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.

లెక్కల మాస్టారు (కాకినాడ)

రేపు పొద్దున్న పంపిస్తాను బాబూ. బృందాల్లో ఎంతమందికి పాన్ ఉందో ఆదివారంలోపు లెక్క తీసి పెట్టుకో.